తొమ్మిది గంటల వైపు

ఉదయం పదీ ఇరవైకి పడవకు ఎడమ పక్కన తిమింగలం తేలింది. దాన్ని మొదట చూసింది ఒక మాజీ బస్సు డ్రైవరని మైకులో ప్రకటించారు. అది నిజం కాదు. మొదట చూసింది ఆయన భార్య. ఆవిడ దర్జీ. వాళ్ళిద్దరూ పది నెలలుగా మాట్లాడుకోవడం లేదు.

ఆ రోజు కూడా వాళ్ళింట్లో మిగతా రోజుల్లాగే మొదలైంది. ఇల్లంటే ఆ వారానికి హోటల్ గది. రెండు మంచాలు, కూతురి కోసం వేయించిన మడత మంచం. ఆయన బాత్రూం గుమ్మంలో నిలబడి అడిగాడు.

"పాపా, నా తువ్వాలు ఎక్కడ పెట్టిందో మీ అమ్మనడుగు."

ఆవిడ ఆయనకు చేయి చాపితే అందే దూరంలో దుప్పటి మడతపెడుతోంది. "తలుపు వెనక ఉందని మీ నాన్నకి చెప్పు," అంది.

సమాచారం అందింది. అయినా ఆయన కదల్లేదు. ఆ ఇంటి పద్ధతిలో కూతురు చెప్పేదాకా అందనట్టే లెక్క. కూతురు పళ్ళు తోముకుంటోంది. నోట్లో నురగతోనే "తలుపు వెనక" అంది. అప్పుడాయన వెనక్కి తిరిగి తువ్వాలు తీసుకున్నాడు.

కూతురు రక్తపరీక్షల లాబ్‌లో సీనియర్ టెక్నీషియన్. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోమని అడిగేవాళ్ళు కూడా ఈ మధ్య మానేశారు. వేరే ఊళ్ళో ఉండే అన్న ఆమెను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ అని పిలుస్తాడు. ఈ సెలవు ఆలోచన అతనిదే. పడవ టిక్కెట్లు కొన్నదీ అతనే. నడి సముద్రంలో ఒకరి మొహం ఒకరు చూసుకోక ఎక్కడికి పోతారన్నది అతని లెక్క. తాను మాత్రం రాలేదు. ఆఫీసులో ఆడిట్ ఉందన్నాడు.

మాటలు ఆగిపోయిన సంగతి ఇదీ. వీధి మలుపులో ఆవిడకు కుట్టు దుకాణం ఉండేది. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పొద్దుపోక ఆయన అక్కడ వచ్చి కూర్చునేవాడు. ఒక రోజు ఒక కాలేజీ లెక్చరరు కోటు తీసుకోవడానికొచ్చాడు. బొత్తాం కాజాల్లో ఒకటి కాస్త పక్కకు పోయింది. లెక్చరరు దాన్ని చూపించాడు. ఆవిడ నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "ఈవిడకి కళ్ళు ఆనడం లేదండీ. వేరే ఎక్కడైనా ఇచ్చుకోండి." దుకాణంలో అప్పుడు ఇంకో ముగ్గురున్నారు. ముగ్గురూ పాత ఖాతాదార్లే. ఆ సాయంత్రం ఆవిడ షట్టరు దించింది. మళ్ళీ ఎత్తలేదు.

నేనేమన్నా అబద్ధం చెప్పానా అన్నది ఆయన వాదన. వంకరగా ఉన్నదాన్ని వంకర అన్నాననేవాడు. ఆ వాదన కూడా కూతురితోనే.

నవ్వుకుని వదిలేయొచ్చనుకున్నారు పిల్లలిద్దరూ. ఇస్త్రీ పెట్టె సంగతి జరిగేదాకా అలాగే అనుకున్నారు. ఒక మధ్యాహ్నం ఆవిడ అరచేయి కాలింది. పక్క గదిలో ఆయన రేడియో వింటున్నాడు. ఆవిడ పిలవలేదు. కూతురు డ్యూటీ నుంచి వచ్చేదాకా బకెట్లో చేయి పెట్టుకుని కూర్చుంది. నాన్నని పిలవొచ్చుగా అంటే, రేడియోలో వార్తలొస్తున్నాయి కదా అంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

నెల క్రితం కూతురికి ప్రమోషన్ వచ్చింది. రాత్రంతా రైల్లో వెళ్ళాల్సిన ఊళ్ళో కొత్త లాబ్ తెరుస్తున్నారు. దాన్ని చూసుకోవాలి. సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. వెళ్ళాలని ఆమెకు ఉంది. వెళ్తే ఆ ఇంట్లో మిగిలేది మాట్లాడుకోని ఇద్దరు మనుషులు, ఒక ఇస్త్రీ పెట్టె.

ఆయనే కారు నడిపి రేవుకు తీసుకొచ్చాడు. అక్కడ లైఫ్ జాకెట్లు ఇచ్చారు. వాంతులు కాకుండా వేసుకోమని కూతురు బ్యాగులోంచి మాత్రల అట్ట తీసింది. తనకు అక్కర్లేదు, మీ అమ్మకు వెయ్యమన్నాడు ఆయన. తనకు కాదు, బస్సు తప్ప ఏదీ పడని మనిషి ఆయనే, ముందు ఆయనకు వెయ్యమంది ఆవిడ. బస్సుకీ పడవకీ పోలికేంటో మీ అమ్మనడుగు అన్నాడు ఆయన. తిమింగలం చూద్దామని పుట్టినప్పటి నుంచీ తపస్సు చేసిందెవరో మీ నాన్ననడుగు అంది ఆవిడ. ఎవరూ చేయలేదు. వెనకున్న జంట పక్కకు జరిగి ముందుకెళ్ళిపోయారు.

పడవ కదిలాక కూడా ఆ అట్ట కూతురి చేతిలోనే ఉంది. అమ్మకొకటి, నాన్నకొకటి మాత్ర చేతిలో పెట్టింది. తరవాత చెప్పింది. గొంతు పెంచలేదు.

"ఇవాళ్టితో సరి. అమ్మ మాట నాన్నకి, నాన్న మాట అమ్మకి నేనింక మొయ్యను. సోమవారం ఆఫీసుకి జవాబివ్వాలి. వెళ్తానంటే వచ్చే నెల నుంచి ఇంట్లో మీరిద్దరే. అమ్మ చెయ్యి మళ్ళీ కాలితే ఎవర్ని పిలుస్తుంది? నువ్వు బాత్రూంలో జారిపడితే ఎవర్ని పిలుస్తావు నాన్నా? పక్కింటివాళ్ళనా?"

ఆయన నీళ్ళవైపు తిరిగాడు. "నువ్వెళ్ళు పాపా. మేమేమన్నా పాలు తాగే పిల్లలమా? మీ అమ్మకి కూడా అదే చెప్పు."

"వెళ్ళొద్దని నేనెప్పుడన్నానో మీ నాన్ననడుగు," అంది ఆవిడ.

కూతురు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తన బ్యాగు ఇద్దరి మధ్యా సీటు మీద పెట్టి, దాని పక్కనే ఇరుక్కుని కూర్చుంది. మాత్ర వేసుకోవడం మర్చిపోయింది.

గైడు ఒక అమ్మాయి. మైకు పట్టుకుని పద్ధతి వివరించింది. పడవను గడియారం అనుకోవాలి. ముక్కు పన్నెండు, కుడి మూడు, వెనక ఆరు, ఎడమ తొమ్మిది. తిమింగలం కనబడితే ఏ గంట వైపో గట్టిగా అరవాలి. ఎవరు ముందు చూస్తే వాళ్ళ గురించి మైకులో చెప్తుంది. ఇంజను మోతలో ఆవిడకు సగమే వినబడింది.

"పన్నెండుకి గానీ రాదంటోందా?" అని కూతుర్ని అడిగింది.

"టైము కాదు, వైపు అని మీ అమ్మకి చెప్పు," అన్నాడు ఆయన. "ఎడమ పక్కనుంటే తొమ్మిది. డ్రైవింగు తెలిసినవాళ్ళకి ఇదో లెక్క కాదు."

"నేనడిగింది నిన్ను అని మీ నాన్నకి చెప్పు."

కూతురు ఎవరికీ ఏమీ చెప్పలేదు. మాట మీద నిలబడటం ఒక కారణం. రెండో కారణం, నోరు తెరిస్తే ఏం జరుగుతుందో ఆమెకు తెలిసిపోయింది. పడవ తీరం వదిలి పెద్ద అలల్లోకి వచ్చింది. ఆమె లేచి, కడ్డీ పట్టుకుని, మెట్లు దిగి క్యాబిన్‌లోకి వెళ్ళింది. వెళ్తూ రావద్దన్నట్టు చెయ్యి ఊపింది. వెంట వెళ్దామని లేచిన ఆవిడను గైడు కూర్చోమంది, కింద తమవాళ్ళు ఉన్నారంది.

ఇక బెంచీ మీద ఇద్దరు, మధ్యలో బ్యాగు. ఆయన కుడివైపు చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ ఎడమవైపు.

చాలాసేపు నీళ్ళు తప్ప ఏమీ లేవు. గైడు తిమింగలాల బరువు గురించి, అవి చేసే ప్రయాణాల గురించి చెప్పుకుపోతోంది. కొందరు ఫోన్లు జేబుల్లో పెట్టేసుకున్నారు. ముందు వరసలో ఒకాయన నిద్రపోయాడు.

ఆవిడకు మొదట కనబడింది ఆవిరి. వేడి ఇస్త్రీ పెట్టె తడి గుడ్డ మీద ఆనించినప్పుడు లేస్తుందే, అలాంటిది, దూరంగా. తరవాత దాని కింద నల్లగా వీపు లేచింది. లేస్తూనే ఉంది. ఆవిడ చప్పున పక్కకు తిరిగింది. కూతురు లేదు. బ్యాగుంది. బ్యాగుకు అవతల ఆయనున్నాడు.

ఆవిడ నోరు తెరిచి మూసేసింది. గైడు వైపు చూసింది. గైడు డెక్కు ఆ చివర ఉంది. వీపు మళ్ళీ లేచింది.

"ఏమండీ," అంది.

ఆయన తిరిగాడు.

"తొమ్మిది. తొమ్మిదండీ!"

ఆయన వాచీ చూసుకున్నాడు. "తొమ్మిదెప్పుడో దాటిందే. పదీ ఇరవై."

"టైము కాదు, వైపు! మీరేగా చెప్పారు!"

ఆయన లేచి ఎడమవైపు వచ్చి కడ్డీ పట్టుకున్నాడు. "ఏదే?"

"అదిగో, నీళ్ళు చిమ్ముతోంది. నా వేలు వెంటే చూడండి."

ఆయన వేలు వెంట చూశాడు. కళ్ళు చికిలించి చూశాడు. తల కాస్త పక్కకు వంచి చూశాడు. "నీళ్ళేగా," అన్నాడు. "నీళ్ళే కనబడుతున్నాయి."

ఆవిడ తిమింగలాన్ని వదిలేసి ఆయన మొహం చూసింది. ఎదురుగా వచ్చే బస్సు నంబరు అందరికంటే ముందు చదివే మనిషి. ఈ మధ్య నడుం నొప్పని చెప్పి చీకటిపడ్డాక కారు తియ్యడం లేదు. కూతురే నడుపుతోంది. వీధి చివర నుంచి ఎవరైనా చెయ్యూపితే ఎవరని అడుగుతున్నాడు. పలకరించలేదని పక్కింటాయన అలిగాడు. ఆవిడ వేలు దించింది.

అప్పటికి పడవంతా ఎడమవైపుకు వచ్చింది. కేకలు, ఫోన్లు. గైడు మైకుతో జనాన్ని తప్పించుకుంటూ వీళ్ళ దగ్గరికొచ్చింది. ముందు చూసింది ఎవరని అడిగింది. పక్కనున్నవాళ్ళు ఈ ఇద్దరి వైపూ చూపించారు. "సార్, మీరేనా? బాగా కనబడిందా?"

ఆయన నోరు తెరిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారు.

"ఈయనే చూశారు," అంది ఆవిడ. "నాకు చూపించింది కూడా ఈయనే. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన కళ్ళమ్మా."

గైడు ఆ మాటే మైకులో చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. నిద్రపోయినాయన లేచి, ఎందుకో తెలియకుండానే కొట్టాడు. ఆయన తల వంచుకుని బెంచీ మీద కూర్చున్నాడు. బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ ఆ ఖాళీలో కూర్చుంది.

తోక పైకి లేచిందని అందరూ అరిచారు. ఆయన తలెత్తలేదు.

"తోక ఎలా ఉందే?" అని మెల్లిగా అడిగాడు.

"కోటు కాలరు ఎత్తి నిలబెట్టినట్టుంది. రెండు వైపులా వెడల్పు, మధ్యలో నొక్కు." ఆవిడ ఆగింది. "మునిగిపోయింది."

ఆయన బ్యాగు జిప్పు తీశాడు, వేశాడు. "ఆ రోజు కోటు..."

"కాజా వంకరగానే ఉంది. నాకు తెలుసు. ఆ మాట నాకు చెప్పాల్సింది. ఆయనకి కాదు."

"అవును."

"నలుగురి ముందు."

"ఇప్పుడు నువ్వన్నట్టు అనాల్సింది," అన్నాడు ఆయన. "నాకు చేతకాలేదే."

ఆయన చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. నీళ్ళు చిందుతున్నాయన్నాడు. ఆ పక్కన నీళ్ళు చిందడం లేదు. ఆవిడ మచ్చ ఉన్న అరచేతిని ఆయన మోచేతి మీద వేసి, పడవ ఊగుతోంది, గట్టిగా పట్టుకోమంది.

కూతురు మెట్ల మీద నిలబడి ఉంది. చప్పట్లు విని పైకి రాబోయి, నాన్న గొంతూ అమ్మ గొంతూ ఒకదాని వెంట ఒకటి వినబడటంతో అక్కడే ఆగిపోయింది. మధ్యలో వేరే గొంతు ఏదీ లేదు. ఆమె కడ్డీకి నుదురు ఆనించుకుని కాసేపు అలాగే ఉంది. ఏడుస్తోందనుకుని గైడు నీళ్ళ సీసా ఇచ్చింది. ఏడుస్తున్న మాట నిజమే.

పైకొచ్చాక తిమింగలం ఏదని అడిగింది. పోయిందన్నారు. మాత్ర వేసుకోకుండా పడవెక్కుతారా ఎవరైనా అంది ఆవిడ. ఆ మతిమరుపు నీ దగ్గర్నుంచి వచ్చిందేనన్నాడు ఆయన. ఆయన అన్నది ఆవిడతో. నా దగ్గర్నుంచా, నిన్న హోటల్ తాళంచెవి రిసెప్షన్లో వదిలేసిందెవరండీ అని ఆవిడ ఆయన్నే అడిగింది. ఒడ్డు చేరేదాకా అదే నడిచింది. పొద్దున్నుంచీ ఓపిక పట్టిన మనిషికి వినడానికి విసుగ్గానే ఉంది. కూతురు ఎదురు బెంచీకి వెళ్ళి కూర్చుంది.

రేవులో ఆయన కారు తాళాలు జేబులోంచి తీశాడు. ఆవిడ చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వండి. ఇంక పగలు కూడా వద్దు." ఆయన ఇచ్చేశాడు. ఆవిడ కూతురికిచ్చింది. ఇద్దరూ వెనక సీట్లో ఎక్కారు. అన్న ఫోన్ చేసి, లైను దొరికిందా ఎక్స్‌ఛేంజీ అన్నాడు. తిమింగలం చూశావా అని కూడా అడిగాడు. చూడలేదు, మిగతాది వాళ్ళనే అడగమని ఫోన్ వెనక సీట్లోకి అందించింది.

సోమవారం ఉదయం వెళ్తానని ఆఫీసుకు చెప్పింది.

నెల తిరిగాక ఆమె కొత్త ఊళ్ళో చేరింది. ఆ వారమే ఇంటి దగ్గర ఇద్దరూ కళ్ళాసుపత్రికి వెళ్ళారు. ముందు ఎవరికి పరీక్ష చెయ్యాలని నర్సు అడిగింది. ఈవిడకి అన్నాడు ఆయన. ఆయనకి అంది ఆవిడ. ఈ సంగతి కూతురికి ఆ సాయంత్రం ఒకే ఫోన్‌లో ఇద్దరూ చెప్పారు, ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ. ముందు లోపలికి వెళ్ళింది ఎవరో ఆమెకు ఇప్పటికీ తేలలేదు.