పన్నెండు వోల్టుల దొంగసాక్ష్యం

తలుపు తట్టిన చప్పుడు కాదది, బాదిన చప్పుడు. గడియ తీసిన టైపిస్టును దాదాపు తోసుకుంటూ ఒక యువతి లోపలికి వచ్చింది. ముప్ఫై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించి, పదవీ విరమణ తర్వాత ప్రైవేటు డిటెక్టివ్‌గా స్థిరపడిన టీచరమ్మకు అతడే సహాయకుడు. నేరాలకంటె ఆమె తర్కమంటేనే అతడికి ప్రాణం.

"సాయంత్రంలోగా వేడి రాకపోతే ఎనిమిది వందల గుడ్లు చస్తాయండీ! ఆపైన నన్ను గెంటేస్తారు!" అంది యువతి.

వాళ్లది కోడిపిల్లలను పొదిగించే వ్యాపారం. పొదిగే యంత్రంలో వేడిని నియంత్రించే మైక్రోకంట్రోలర్ పెట్టెను ఆమె స్వయంగా తయారుచేసింది. ఈ విడత సవ్యంగా పొదిగితే పెత్తనం నీదేనన్నాడు తండ్రి. ఆరు రోజులు నిక్షేపంగా గడిచాయి. ఈ ఉదయం చూస్తే గుడ్లు చల్లబడ్డాయి.

"బల్లమీద మూడు నెలలు నడిపానండీ. ఒక్కరోజు మొరాయించలేదు."

"ఒక్కరోజు కూడానా?"

"మొదట్లో చిన్న అడాప్టరు పెట్టినప్పుడు ఫ్యాను తిరిగితే చాలు, పెట్టెలోని బోర్డు చచ్చి మళ్లీ లేచేది. దాన్ని ఇంట్లో సొరుగులో పడేసి, అన్నయ్యచేత పెద్దది తెప్పించాను."

టీచరమ్మ చెప్పులు వేసుకుంది.

యంత్రం గదిలో తండ్రి కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు. వైరింగు మేస్త్రి మీటరు సర్దుకుంటున్నాడు.

"నిక్కచ్చిగా పన్నెండు వోల్టులు వస్తున్నాయమ్మా. అడాప్టరు మీద రెండు ఆంపియర్లని రాసే ఉంది. తప్పు బోర్డుదే."

"ఫ్యాను తిరుగుతుండగా చూశారా?"

"అమ్మో! ముందు ఫ్యాను పిన్ను పీకాకే మీటరు పెట్టాలి. ఇక్కడి రూలు."

"నా వేళ్లు పోయిన రోజు పెట్టిన రూలు" అన్నాడు పెద్దాయన.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అన్నాడు గుమ్మంలోంచి అన్న. "బొమ్మలు చేసుకునేదాన్ని నెత్తికెక్కించుకుంటే ఇంతే!"

"నోరు మూసుకో!" అంది చెల్లెలు.

టీచరమ్మ మంచినీళ్ల నెపంతో ఇంట్లోకి వెళ్లి, టైపిస్టుతో అన్న గదిలోకి నడిచింది. అక్కడ బల్లమీద చిన్న దీపం వెలుగుతోంది. దాని అడాప్టరు మీదంతా దుమ్ము. మధ్యలో మాత్రం అగ్గిపెట్టె ముఖమంత చోటు తళతళలాడుతోంది. టైపిస్టు దాన్ని చూశాడు గానీ ఏమీ ఊహించలేకపోయాడు. తిరిగి వచ్చాక ఆమె యంత్రం ముందు పన్నెండు నిమిషాలు నిలబడింది. పెట్టె తెరమీద, బోర్డు లేచాక గడిచిన నిమిషాల అంకె పది దాకా ఎక్కింది. ఫ్యాను తిరగడం మొదలవగానే తెర ఆరి, మళ్లీ సున్నా వచ్చింది.

కోపం వచ్చినప్పుడు టీచరమ్మ గొంతు పెరగదు, తగ్గుతుంది. ఇప్పుడది గుసగుసకు దిగింది. "అందరూ ఇలా రండి."

ఫ్యాను పిన్ను పీకకుండానే ఆమె అడాప్టరుకు మీటరు తగిలించింది. ముల్లు పన్నెండు దగ్గర నిలిచింది. మేస్త్రి గర్వంగా తలాడించాడు.

"బరువెత్తనంతసేపూ ప్రతివాడూ పహిల్వానే. ఆగండి."

అంకె మళ్లీ పదికి చేరగానే ఫ్యాను కదిలింది. ముల్లు ఆరుకు కూలింది. తెర ఆరిపోయింది. మేస్త్రి నోరు తెరిచాడు.

"ఫ్యానుకూ బోర్డుకూ ఒకటే అడాప్టరు. ఫ్యాను కరెంటు లాగగానే బోర్డుకు తిండి చాలక చచ్చి లేస్తోంది. లేచాక, భద్రత కోసం, పదిహేను నిమిషాలు ఆగితేగానీ అది వేడి పెట్టదు. పదో నిమిషానికే ఫ్యాను మళ్లీ చంపుతోంది. ఇక వేడెక్కడిది?"

అడాప్టరు మీది కాగితం అంచును ఆమె గోటితో లేపింది. కింద మరో చీటీ ఉంది: అర ఆంపియరు.

"ఇది సొరుగులోని చిన్నది. పెద్దదాని చీటీ ఊడదీసి దీనికి అంటించారు. మేస్త్రి మీ ఇంటి సొరుగు తెరవడు. పిన్ను పీకి చూసే ఆనవాయితీ తెలిసి, దాని చాటున దాక్కున్నవాడు ఇంటివాడే. పెద్దదాన్ని పారేయడానికి చెయ్యి రాక దీపానికి పెట్టుకున్నాడు. చీటీ ఊడిన చోట దుమ్ము లేదు. టైపిస్టుగారూ, పట్టుకురండి."

అన్న ముఖం నల్లబడింది. "పదేళ్లు రెట్ట ఎత్తింది నేను! పెత్తనం దానికా?"

చెల్లెలు అతడికేసి చూడలేదు. టైపిస్టు చేతిలోని అడాప్టరు లాక్కుని తగిలించింది. పదో నిమిషాన ఫ్యాను తిరిగింది, తెర ఆరలేదు. గడువు తీరాక లోపలి తీగలు ఎర్రబడ్డాయి.

"ఇంటి విషయం. ఇంట్లోనే సర్దుకుందామమ్మా" అన్నాడు పెద్దాయన, నేల చూస్తూ.

"పొద్దున నన్ను మేస్త్రి ముందే తిట్టారుగా నాన్నా? అప్పుడిది ఇంటి విషయం కాదా?"

ఆమె ఒక గుడ్డు తీసి టార్చి వెలుగుకు అడ్డంగా పట్టుకుంది. పెంకు లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా విచ్చుకున్నాయి. నడుమ ఆవగింజంత చుక్క ఒకటి కొట్టుకుంటోంది.

"చూడన్నయ్యా. నా మీద కోపంతో నువ్వు చంపబోయింది దీన్ని."

అన్న కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. కొడుకు గడ్డం పట్టుకుని, ముఖాన్ని ఆ వెలుతురు వైపు తిప్పి, కళ్లు తెరిచేదాకా వదల్లేదు.