సున్నాకు మారిన అర్థం

ఉదయం పదిన్నరకు గూఢచారి సంస్థ కోడ్ విభాగం అధికారి తన కారులోనే స్టీరింగ్ మీద తల వాల్చి కనిపించాడు. కునుకు తీస్తున్నాడనుకున్నారు. చెవి వెనుక సూది గుచ్చిన గుర్తు ఉంది.

పది నిమిషాల్లో బాస్ గదిలో ఏజెంట్‌కు బ్రీఫింగ్.

"డ్యామ్ గేట్ల అప్లికేషన్ పాతది, పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో రాసింది. కొత్త సర్వర్ భాష జావా. దీని మాట దానికి అర్థమయ్యేలా మధ్యలో బ్రిడ్జ్ ప్రోగ్రామ్ పెట్టారు. విదేశీ ముఠా అందులో దూరింది. పన్నెండింటికి ఏదో జరగబోతోంది. కింద ఏడు ఊళ్లున్నాయి."

"బ్రిడ్జ్ రాసిందెవరు?"

బాస్ ఫొటో ముందుకు తోశాడు. ఏజెంట్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వదిన!

"ముఠా మనిషి. మన తరఫునే అందులో చేరిందని చనిపోయిన అధికారి అనేవాడు. ఆధారాలు అతనితోనే పోయాయి. ఆమె మాట ఒక్కటీ నమ్మకు. ఇదిగో, గేట్ల సిస్టమ్ మాస్టర్ కార్డు."

అన్న ఓ రహస్య ఆపరేషన్‌లో పోయినప్పుడు పక్కనున్నది ఇతనే. ఆ తర్వాత వదిన ఇతని ముఖం చూడలేదు.

ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్ చేరేసరికి పదకొండు యాభై ఎనిమిది. ఆపరేటర్ స్పృహ తప్పి పడి ఉన్నాడు. కీబోర్డు ముందు వదిన, భుజం నిండా రక్తం. నిజమైన గాయమా, నాటకమా? ఏజెంట్ పిస్టల్ తీశాడు.

"పక్కకు జరుగు వదినా."

"బ్రిడ్జ్ మార్చేశారు చిన్నా. పాత అప్లికేషన్‌లో సున్నా అంటే మూయమని. ఇప్పుడది జావాకి తెరవమని చేరుతుంది. రోజూ పన్నెండింటికి వెళ్లే 'మూయి' ఆర్డరే గేట్లెత్తేస్తుంది. నా కార్డు పనిచేయట్లేదు. నీ కార్డు పెట్టి 'తెరువు' నొక్కు."

పన్నెండు. నేల కంపించింది. కిటికీ అవతల గేటు కింద నీళ్లు తెల్లగా చిమ్మాయి.

"మూయి నొక్కు!" చెవిలోని ఇయర్‌పీస్‌లో బాస్ అరిచాడు.

ఏజెంట్ పిస్టల్ దించలేదు. "అన్న చావుకి నన్నే అన్నావు కదా..."

"ఇప్పటికీ నీదే తప్పంటాను. అయినా నొక్కు!"

నాటకమాడే మనిషైతే ఈ క్షణంలో తియ్యగా మాట్లాడేది. అతను ఇయర్‌పీస్ పీకి పారేసి, కార్డు పెట్టి 'తెరువు' నొక్కాడు.

గేట్లు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మూలుగుతూ కిందికి దిగాయి.

వదిన నేల మీద కూలబడి, అంతకాలం తర్వాత మొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

మర్నాడే విచారణ మొదలైంది, ఏజెంట్ మీద. పాత అప్లికేషన్ రికార్డుల ప్రకారం, నిండు డ్యామ్ గేట్లు తెరవమని ఆర్డరిచ్చినవాడు అతనొక్కడే మరి!