లేని మనిషి హత్య కేసు

“పోలీస్ అనే మాట నోట్లోంచి రాకూడదు. జేబులో కార్డు ఉండకూడదు. దొరికిపోతే మీరెవరో మాకు తెలీదు.”

పటమటలో ఓ టైలరింగ్ షాపు వెనక గదిలో గూఢచారి విభాగం చీఫ్ బ్రీఫింగ్ అలా మొదలైంది. విదేశీ ముఠా మనుషులు ఖాకీ తొడుక్కుని బ్యారేజీ ఇంజినీరు అఫ్జల్ ఇంటికి వస్తారు. బ్యారేజీ గేట్లు తెరిచే, పెన్‌డ్రైవ్ లాంటి సెక్యూరిటీ కీ పట్టుకుపోతారు. ఏజెంట్ డేనియల్, ఏజెంట్ జాన్ పాల్ వాళ్లను ఆపాలి. ముఠాకి కోడ్ వర్డ్ ‘బొమ్మిడాయి’.

డేనియల్ ముందుగానే సెక్యూరిటీ కంపెనీ సూపర్‌వైజర్ వేషంలో వెళ్లి అఫ్జల్ భార్య మెహరాజ్‌ను హెచ్చరించాడు.

“దొంగ పోలీసులు తిరుగుతున్నారండీ. కార్డు చూపించనివాణ్ని లోపలికి రానివ్వకండి.”

“బలవంతాన వస్తే?”

“చేతికి ఏది అందితే దాంతో కొట్టండి మేడమ్. ఆలోచించకండి.”

“ముందు మా ఆయన మీద ప్రాక్టీసు చెయ్యొచ్చా?” అందామె.

మర్నాడు మధ్యాహ్నం స్టెల్లా ఫోన్ చేసింది. నల్లకళ్లద్దాలు, ఖరీదైన సెంటు. ముఠాలో ఉంటూ వీళ్లకు కబుర్లు చేరవేసే మనిషి.

“బొమ్మిడాయి ఇంట్లో దూరింది. టైమ్ లేదు, తలుపు బద్దలుకొట్టండి.”

ఇద్దరూ అఫ్జల్ ఇంటి తలుపు మీద పడ్డారు. లోపల్నుంచి మెహరాజ్ అడుగుతూనే ఉంది. “ఎవరండీ? ఎవరూ అంటే పలకరే?”

ఇద్దరూ పలకలేదు. ఆర్డరు అలాంటిది. తలుపు ఊడిపడింది. ముందు అడుగుపెట్టింది జాన్ పాల్. పొయ్యి మీది ఇనప పెనం వచ్చి అతని కణతకు తగిలింది.

ఇంట్లో ముఠా లేదు. కీ కూడా లేదు. డేనియల్ కిటికీలోంచి చూస్తే, కింద స్టెల్లా కారు కదులుతోంది. వీళ్లను ఇక్కడ ఇరికించి, ముందే కొట్టేసిన కీతో జారుకుంటోంది. జాన్ పాల్‌ను మెహరాజ్ చేతుల్లోనే వదిలేసి అతను పరిగెత్తాడు. ఎంత అంతర్జాతీయ గూఢచారి అయినా బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగాల్సిందే. గేట్లు తెరిచే పని తొంభై తొమ్మిది శాతం అయిందని ఆమె లాప్‌టాప్ చూపిస్తుండగా, డేనియల్ దానికి గుచ్చిన కీ లాగేశాడు. గేట్లు కదల్లేదు. ఏం తప్పిందో తెలియకుండానే దిగువన కంకిపాడు దాకా జనం భోంచేసి కునుకు తీశారు.

జాన్ పాల్ ఆస్పత్రికి చేరకముందే పోయాడు. డ్యూటీలో ఉన్న అధికారిని చంపిందంటూ మెహరాజ్ మీద లోకల్ పోలీసులు హత్య కేసు పెట్టారు.

ఉద్యోగం పోతుందని తెలిసే డేనియల్ బోనెక్కాడు. “ఆవిడ ఎవరని అడిగారు. మేం చెప్పలేదు. కొట్టమని చెప్పిందీ నేనే.”

చీఫ్ నుంచి కోర్టుకు ఒక్క వాక్యం వచ్చింది: “జాన్ పాల్, డేనియల్ అనే ఉద్యోగులు మా దగ్గర ఎప్పుడూ లేరు.”

“లేకపోతే తలుపు బద్దలుకొట్టింది దొంగలే కదా,” అన్నారు జడ్జి. ఆత్మరక్షణ కింద మెహరాజ్‌ను విడిచిపెట్టారు. జాన్ పాల్ మాత్రం తీర్పులో దొంగగానే ఉండిపోయాడు.

కోర్టు వరండాలో జాన్ పాల్ తల్లి అమలమ్మ నేరుగా మెహరాజ్ దగ్గరికి నడిచింది. డేనియల్ అడ్డం వెళ్లబోయి ఆగాడు.

“పోయేముందు మావాడు ఏమన్నా అన్నాడా తల్లీ?”

మెహరాజ్ ఆమె చెయ్యి పట్టుకుంది. “‘అక్కా, ముందు పొయ్యి కట్టెయ్యండి’ అన్నాడండీ.”

అమలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

“ఇంట్లోనూ అంతేనమ్మా. నా వంట మీద వాడికి ఏనాడూ నమ్మకం లేదు.”