ఎవరి కాళ్ళకి దగ్గర?

సోములమ్మ కొత్త గది గోడకి సున్నం వేస్తూ ఉండగా ఫోను టింగుమంది. ఆమె చేతులనిండా సున్నమే.

"సోనీ, బేగి సూడే! ఎవులో ఏటో పెట్టినారు," అని కేకేసింది.

సోని ఐదో తరగతి చదువుతోంది. ఆ ఇంట్లో ఫోనులో వచ్చినవి చదవడం, జవాబు రాయడం తన పనే. ముగ్గు చిప్ప కింద పెట్టి, చెయ్యి గౌనుకి తుడుచుకుని ఫోను అందుకుంది.

"నమస్తే అండీ. నా పేరు విజయలక్ష్మి. మాది విజయనగరం. మబ్బులలోయ పార్కుకి ఏడాది పాస్ తీసుకున్నాం. పార్కు పక్కన హోటళ్ళలో ప్రతిసారీ దిగాలంటే మా వల్ల కాదు. మీ గది నచ్చితే నెలకోసారి వస్తాం. పార్కు ఎంత దూరం? మా అత్తగారు కూడా వస్తారు. నడిచి వెళ్ళగలమా?"

సోని కళ్ళు 'నెలకోసారి' దగ్గరే ఆగిపోయాయి.

కొండ మీది తమ ఊరు పనసగుడలో వాళ్ళు ఆ గది కట్టిందే పార్కుకి వచ్చేవాళ్ళకి అద్దెకివ్వడానికి. ఏటా కాఫీ పళ్ళ కోత అయిపోగానే నాన్న ధర్మ సంచి సర్దుకుని, కొండ దిగి మైదాన ప్రాంతంలో ఇటుక బట్టీ పనికి వెళ్ళిపోతాడు. మళ్ళీ వానలు పడితేనే ఇంటి ముఖం చూస్తాడు. ఈ ఏడు గదికి మనుషులు వస్తూ ఉంటే వెళ్ళనన్నాడు. గది ఖాళీగా ఉంటే మాత్రం అటక మీది సంచి దిగాల్సిందే.

"ఏటంతన్నారు?" అంది సోములమ్మ.

"పార్కు ఎంత దూరమని అడుగుతన్నారమ్మా."

"జీపు దారి సంగతి కూడా రాయి. ఆళ్ళకి మన కొండ తెల్దు. ఉన్నది ఉన్నట్టు సెప్పు."

రోడ్డు మీద వెళ్ళాలంటే కొండ చుట్టూ తిరగాలి. షేర్ జీపు ఎక్కాలి. శనివారం, సంత రోజున, ఆ జీపులు కూడా దొరకవు. ఇవన్నీ రాస్తే ఎవరైనా వస్తారా?

అదే కాఫీ తోటలోంచి దిగి, కింద పారే గెడ్డ దాటితే పార్కు గేటే. పక్కింటి జగదీష్‌తో పందెం వేసుకుని తను ఎన్నిసార్లు దిగలేదు! ఇందులో అబద్ధం ఏముంది?

"దగ్గరే మేడం. పది నిమిషాల నడక," అని రాసి పంపేసింది. జీపు మాట ఎత్తలేదు.

ఆ వారమే శుక్రవారం సాయంత్రం వాళ్ళు షేర్ జీపులో వచ్చారు. ముందు విజయలక్ష్మి దిగింది. తరవాత ఆమె కూతురు లావణ్య, సోని ఈడుదే. ఆఖరున చేతికర్ర ఊతంగా అత్తగారైన మామ్మగారు దిగారు.

ఆ కర్ర చూడగానే సోనికి తను రాసిన పది నిమిషాలు గుర్తొచ్చాయి. అప్పుడే చెప్పేయాల్సింది. కానీ వేడి అన్నంలో రాజ్మా కూర కలుపుకుని అందరూ మళ్ళీ మళ్ళీ వడ్డించుకుంటున్నారు. "మా ఇంట్లో ఇంత కమ్మగా కుదరదమ్మా," అంటున్నారు మామ్మగారు. అంత సంతోషంలో ఏం చెబుతుంది? రేపు నెమ్మదిగా దింపితే సరిపోతుందిలే అనుకుంది.

తెల్లారింది. తోటనిండా మంచు. సిల్వర్ ఓక్ చెట్ల మీది మిరియాల తీగల నుంచి నీటి బొట్లు రాలుతున్నాయి. సోని, లావణ్య ముందు. వెనకాల విజయలక్ష్మి చెయ్యి పట్టుకుని మామ్మగారు.

"అమ్మాయ్, ఇంకెంత?"

"ఇదిగో మామ్మగారూ, ఆ మలుపే!"

మలుపు తిరిగాక ఇంకో మలుపు వచ్చింది. తడి ఆకుల మీద కర్ర జారింది. కింద పార్కులో బొమ్మ రైలు కూత వినిపిస్తోంది. గేటు మాత్రం కనిపించదు. ఇంకొంచెం దిగేసరికి మామ్మగారు ఒక బండ మీద కూలబడ్డారు. రెండు చేతులతో మోకాలు పట్టుకున్నారు.

"నా వల్ల కాదే విజయా. కిందకీ దిగలేను, పైకీ ఎక్కలేను."

విజయలక్ష్మి సోని వైపు తిరిగింది. "పది నిమిషాలన్నావు కదమ్మా!"

"నాకు పది నిమిషాలే మేడం..."

"నువ్వు మేకపిల్లవి," అంది లావణ్య కోపంగా. "మా నానమ్మ కాదు!"

"సరే, జీపు ఏదైనా దొరుకుతుందా?" అంది విజయలక్ష్మి.

సోని తల దించుకుంది. "ఈ రోజు సంత. జీపులన్నీ పొద్దున్నే వెళ్ళిపోయాయి. నాకు తెలుసు మేడం. రాయలేదు."

"ఎందుకు?"

"రాస్తే మీరు రారని."

విజయలక్ష్మి అత్తగారి వైపు తిరిగి ఆవిడ వీపు నిమిరింది. తిట్టినా బాగుండేది. నాన్న బట్టీ సంగతి సోని నోటిదాకా వచ్చింది. అది చెబితే జాలి పడతారు. కానీ ఆయాసపడుతున్న మామ్మగారి ముందు నాన్నని అడ్డం పెట్టుకోవడానికి మనసొప్పలేదు. ఆ మాట మింగేసింది.

"ఇక్కడే ఉండండి. మా అమ్మానాన్నలని పిలుచుకొస్తాను," అని పైకి పరుగెత్తింది.

ధర్మ, సోములమ్మ గబగబా దిగి వచ్చారు. ధర్మ మామ్మగారి ముందు వంగి కూర్చున్నాడు.

"ఈపు మీద ఎక్కీయండమ్మా."

"ఛ! నేనేమైనా బియ్యం బస్తానా?"

"బస్తా అయితే ఇలాగ వాదించదమ్మా."

మామ్మగారు ఫక్కున నవ్వారు. నవ్వుతూనే ఎక్కారు. ధర్మ ఆవిడని మోసుకుని ఇంటి దారి పట్టాడు.

విజయలక్ష్మి, లావణ్యలని సోని గేటు దాకా దింపింది. తిరిగి ఎక్కుతుంటే ఆ తోట దారి మొదటిసారి సోనికి పొడుగ్గా అనిపించింది. 'ఇంక రారు. నాన్న సంచి దిగుతుంది' అనుకుంటూ ఇల్లు చేరింది.

మామ్మగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. కాళ్ళు వేడినీళ్ళ బేసిన్‌లో, చేతులు కాఫీ గింజల చాటలో. సోములమ్మ పక్కన కూర్చుని మామ్మగారితో పాటు పుచ్చు గింజలు ఏరుతోంది. కూతుర్ని చూసి, "సెప్పినానా నాను?" అంది. అంతే.

సోని మామ్మగారి దగ్గరకి వెళ్ళింది. "తప్పయిపోయింది మామ్మగారూ. నా కాళ్ళతో కొలిచేశాను. జీపు సంగతి కావాలనే రాయలేదు."

"మోకాలికి ఇంకో చెంబు వేడినీళ్ళు పొయ్యి. ముందు ఆ పని చూడు," అన్నారు మామ్మగారు. సోని రోజంతా అరుగు వదలలేదు. నీళ్ళు కాచింది, నూనె రాసింది, గింజలు ఏరింది.

సాయంత్రం సంత నుంచి తిరిగొచ్చే జీపులో విజయలక్ష్మి, లావణ్య వచ్చారు. అత్తగారికి ఎలా ఉందో అని కంగారుగా దిగిన విజయలక్ష్మికి ముందు వినిపించింది ఆవిడ నవ్వే.

"విజయా, పార్కులో నాకేం పనే? బెంచీ మీద కూర్చుని మీ సంచులు కాయడమేగా! వచ్చే నెల మీరు పార్కుకి పొండి. నేను ఈ అరుగు మీదే ఉంటాను."

విజయలక్ష్మి నిట్టూర్చి చెప్పులు విప్పింది. సోనిని దగ్గరకి పిలిచింది.

"గది బాగుంది. భోజనం బాగుంది. కానీ నీ మాట నమ్మి మళ్ళీ రావాలా?"

సోని వేళ్ళు మడిచి వారాలు లెక్కపెట్టింది. "వచ్చే నెల కూడా శనివారం పార్కుకి వెళ్ళాలంటే జీపులు ఉండవు మేడం. ఆదివారం అయితే నాన్న ముందే మాట్లాడి పెడతాడు. తోట దారి మీకు, లావణ్యకి సరే. కానీ తిరిగి ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. వాన పడితే అసలు వద్దు."

"ఇది ముందే రాసుంటే ఆదివారమే వచ్చేదాన్ని కదే!" అంది విజయలక్ష్మి. ఆమె మొహంలో నవ్వు కనిపించాక సోములమ్మ చేతిలో ఆగిపోయిన చాట మళ్ళీ కదిలింది.

ఆ తరవాత నెల వాళ్ళు వచ్చారు. ఆదివారమే.

వాళ్ళు వెళ్ళిన కొద్దిరోజులకి ఫోను మళ్ళీ టింగుమంది. "విజయలక్ష్మి గారు మీ నంబరు ఇచ్చారు. పార్కు మీ ఇంటికి దగ్గరేనా?"

సోని వేలు 'ద' మీదకి వెళ్ళి ఆగింది. ఇలా రాసింది: "మీతో ఎవరెవరు వస్తున్నారండీ?"

"మా నాన్నగారు. ఆయనకి తుంటి ఆపరేషన్ అయింది. ఇంకా చంటిపాప."

సోని అరుగు మీద చతికిలబడి రాయడం మొదలుపెట్టింది. జీపు దారి, సంత రోజు, తోట దిగుడు, కట్టెల పొయ్యి మీద కాగే వేడినీళ్ళు, అన్నీ.

"ఏటే, అంత సేపు రాస్తన్నావు?" అంది సోములమ్మ.

"దారి రాస్తన్నానమ్మా."

కూలీలని ఎక్కించుకుపోయే బట్టీ మేస్త్రీ జీపు ఆ వారమే ఊళ్ళోకి వచ్చి హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ధర్మ ఎక్కలేదు. అటక మీద అతని సంచిలో ఇంటి నల్లకోడి గుడ్లు పొదుగుతూ కూర్చుంది. దాన్ని ఎవరూ లేపలేదు.