కూత ఉంది, బొమ్మ లేదు

ఉక్కు ప్లాంటు ఊళ్ళో, సుపేలా మెయిన్ రోడ్డు మీద, మధ్యాహ్నం పన్నెండు దాటిన పది నిమిషాలకి గురుమూర్తిని పొడిచారు.

కంప్యూటర్ సామాన్ల దుకాణం మెట్లు దిగుతూ అతను ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఎదురుగా వచ్చిన మనిషి దారి ఇస్తున్నట్టు పక్కకి ఒరిగి, సన్నటి ఉలిని పక్కటెముకల కింద దించాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. గురుమూర్తి కేక వెయ్యలేదు. వెయ్యడానికి ఊపిరి మిగల్లేదు. ఆటోలు హారన్లు కొడుతూనే ఉన్నాయి. జనం మూగేసరికి హంతకుడు అతని పర్సు, ఫోను, చేతిలోని పొట్లం లాక్కుని ఒక బస్సు వెనక మాయమయ్యాడు.

కానీ అతని ఆఖరి మాటలు రాయపూర్‌లో ఒకాయన విన్నాడు. కేంద్ర రహస్య విభాగంలో అందరూ ఆయన్ని చీఫ్ అంటారు.

పావుగంటలో అదే ఊళ్ళో, వైశాలి నగర్‌లో ఏజెంట్ భాగ్యరేఖ ఫోన్ మోగింది. ఆమెకు నలభై ఆరేళ్ళు. శ్రీకాకుళం నుంచి వలస వచ్చి, ప్లాంట్‌లో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ దగ్గర పనిచేసిన కార్మికుడి కూతురు. ఆరు నెలలుగా కంప్యూటర్ మెకానిక్ వేషంలో ఉంది.

“గురుమూర్తి పోయాడు” అన్నాడు చీఫ్. “కోబాల్ట్ రింగ్. మనకి రెండింటిదాకా టైముంది.”

మిగతాది ఆయన గబగబా చెప్పాడు. కోబాల్ట్ రింగ్ ఒక విదేశీ ముఠా. ఉక్కు ప్లాంట్‌లో గ్యాస్ వాల్వుల్ని నడిపే కంప్యూటర్లలోకి దొంగ ప్రోగ్రామ్ ఎక్కించింది. షిఫ్టు మారే రెండు గంటలకి, లోపల రెండు షిఫ్టుల జనం ఉన్నప్పుడు, వాల్వులు తిరగబడి రంగూ వాసనా లేని విషవాయువు బయటికి కొడుతుంది. జనాన్ని ఖాళీ చేయిస్తే ముఠా వెంటనే మీట నొక్కుతుంది. ప్లాంట్ ఆటోమేషన్ విభాగంలో రిటైరైన గురుమూర్తి దాన్ని కనిపెట్టి, ఆపే కోడ్ కూడా సాధించాడు. ఆ కోడ్ రిసాలి కాలనీలో అతని ఇంటి కంప్యూటర్‌లో ఉంది. కంప్యూటర్ పొద్దుటినుంచి స్టార్ట్ కావడం లేదు.

డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కి తగిలించవచ్చు కదా అని భాగ్యరేఖ అడిగింది. ఆ డిస్క్‌కి తాళం ఉందనీ, ఆ మదర్‌బోర్డు మీద తప్ప ఎక్కడా తెరుచుకోదనీ చీఫ్ చెప్పాడు. సైబర్ నిపుణుడు మనోజ్‌కుమార్ బయల్దేరాడనీ, అతను వచ్చేదాకా కంప్యూటర్ లోపల ఏదీ ముట్టుకోవద్దనీ అన్నాడు.

రిసాలి క్వార్టర్ గేటు దగ్గర ఒకడు స్కూటర్ విప్పుతున్నట్టు నటిస్తున్నాడు. గోళ్ళ సందుల్లో ఉన్నది గ్రీజు కాదు. ఎండిన నెత్తురు.

“భయ్యా, ఇరవై మూడో నంబరు ఎక్కడ?” అంటూ భాగ్యరేఖ దగ్గరికెళ్ళింది. వాడి చెయ్యి సీటు కిందికి పోయింది. ఆమె జేబులోని టెస్టర్ వాడి మెడకి తగిలింది. అది పేరుకే టెస్టర్, కొట్టే షాకు మాత్రం ఎద్దుని పడగొడుతుంది. వాడు వణుకుతూ కూలుతుంటే మణికట్టు మీద బూటు పెట్టి తొక్కింది. ఎముక ఫటేలుమంది. సీటు కింద ఉలి దొరికింది. వాడి నోట్లో గుడ్డ కుక్కి, చేతులు కట్టి గోడ వెనక పడేసింది.

తలుపు తీసినావిడ గురుమూర్తి భార్య సింహాచలమ్మ.

“పిన్నిగారూ, కుళాయి నీళ్ళు వచ్చాయా?” అంది భాగ్యరేఖ.

“మంగళవారం వస్తాయన్నారమ్మా” అంది ఆవిడ. భర్త నేర్పిన కోడ్ మాట అది. “రా. పొద్దుట్నుంచీ పెట్టెతో ఇదే గొడవ. కూతుంది గానీ బొమ్మ లేదు. ఏదో సామాను తెస్తానని మావారు సుపేలా ఎళ్ళారు. ఇంకా రాలేదేటి?”

భాగ్యరేఖ స్విచ్ నొక్కింది. ఫ్యాన్ తిరిగింది. బీప్, బీప్, బీప్ అని పొడుగ్గా కూత. స్క్రీన్ నల్లగానే ఉంది. మానిటర్ కేబుల్, పవర్ కేబుల్ బిగించి చూసింది. అదే కూత.

సింహాచలమ్మ మళ్ళీ గడియారం చూసింది. అబద్ధం చెప్పడంలో భాగ్యరేఖకి ఇరవై ఏళ్ళ శిక్షణ ఉంది. అయినా చెప్పలేకపోయింది. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఆవిడ ఏడవలేదు. వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ఆర్పి వచ్చి, కుర్చీలో కూర్చుంది.

“మావారు చెయ్యాలనుకున్న పని అవ్వాల. తరవాత ఏడుస్తాను” అంది.

ఒకటీ నలభైకి మనోజ్‌కుమార్ వచ్చాడు. తెల్ల లినెన్ చొక్కా, ఖరీదైన సెంటు, సినిమా పోస్టర్ మీద వెయ్యాల్సిన మొహం. విభాగంలో సగం మంది అతని నవ్వుకి పడిపోయినవాళ్ళే. క్యాబినెట్ పక్క రేకు ఊడదీసి, టార్చి వేసి చూసి నిట్టూర్చాడు.

“మదర్‌బోర్డు పోయింది దీదీ. ల్యాబ్‌కి తీసుకెళ్ళాలి” అంటూ వైర్లు పీకడానికి చెయ్యి పెట్టాడు.

“చచ్చిన బోర్డు కూత పెట్టదు మనోజ్” అంది భాగ్యరేఖ.

అతను నవ్వాడు. నవ్వుతూనే బ్యాగులోంచి సైలెన్సర్ పిస్తోలు తీశాడు.

మొదటి గుండు ఆమె ఎడమ భుజాన్ని చీల్చుకుని గోడలో దిగింది. రెండోది పేలేలోపు ఆమె స్క్రూడ్రైవర్ అతని అరచేతిలోంచి దిగి బల్లకి గుచ్చుకుంది. పిస్తోలు జారిపడింది. అతను అరుస్తూ చెయ్యి ఊడబెరుక్కున్నాడు. తలతో ఆమె మొహమ్మీద కొట్టాడు. ముక్కు చితికి నోట్లోకి నెత్తురు దిగింది. ఆమె మోకాలు అతని పొట్టలో దించింది. ఇద్దరూ క్యాబినెట్ మీద పడ్డారు. పవర్ కేబుల్ ఆమె మెడకి బిగిసింది. కళ్ళ ముందు గది చీకటవుతోంది.

“రెండింటికి వెయ్యిమంది పోతారు దీదీ” అన్నాడు అతను చెవి దగ్గర. “నువ్వు కాస్త ముందు.”

సింహాచలమ్మ బల్ల కింది యూపీఎస్ బ్యాటరీ పెట్టెని రెండు చేతులా ఎత్తింది. ఏడు కేజీల బరువు. దాన్ని అతని తల మీద వేసింది. కేబుల్ వదులైంది. అతను లేవబోయాడు. ఆవిడ మళ్ళీ ఎత్తి మళ్ళీ వేసింది. ఇక లేవలేదు.

టైము ఒకటీ యాభై.

భాగ్యరేఖ మోకాళ్ళ మీద పాకుతూ క్యాబినెట్ దగ్గరికి చేరింది. మెడకి చుట్టుకున్న పవర్ కేబుల్‌ని మళ్ళీ పెట్టెకీ గోడ ప్లగ్గుకీ తగిలించింది. స్విచ్ వెయ్యకుండా మెమరీ కార్డులు రెండూ ఊడదీసింది. వాటి రాగి అంచులు నల్లగా ఉన్నాయి. గురుమూర్తి పెన్సిల్ చివరి రబ్బరుతో రుద్దింది. తన వేళ్ళ నెత్తురు అంటకుండా వాటిని చీర కొంగుతో పట్టుకోమని సింహాచలమ్మకి చెప్పింది. ముందు ఒక కార్డు మాత్రమే పెట్టి పవర్ వేసింది. అదే కూత. దాన్ని తీసి రెండోది పెట్టింది. కూత ఆగిపోయింది.

స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. డిస్క్ కనబడటం లేదని.

దెబ్బలాటలో కేబుల్ ఊడి ఉంటుంది. మళ్ళీ పవర్ ఆపి, చెయ్యి లోపల పెట్టి తడుముకుంటూ నొక్కింది. క్లిక్. మళ్ళీ స్విచ్. ఒకటీ యాభై ఆరు. ఈసారి పాస్‌వర్డ్ అడిగింది.

భాగ్యరేఖ ఎడమ చెయ్యి లేవడం లేదు. కుడి చెయ్యి ఫోన్‌ని చెవి దగ్గర పట్టుకుంది. అవతల కంట్రోల్ రూమ్‌లో కృష్ణమోహన్ అనే ఇంజనీర్. సింహాచలమ్మ ఒక్క వేలితో కొట్టడం మొదలుపెట్టింది.

“మా ఊరి పేరు, ఎనకాల క్వార్టర్ నంబరు” అంది. ఒక్కో అక్షరానికీ కళ్ళద్దాలు సర్దుకుంటోంది. ఒకసారి తప్పు వచ్చింది. రెండోసారి తెరుచుకుంది. స్క్రీన్ నిండా గురుమూర్తి ఫొటో, మైత్రీబాగ్ పార్కులో బెంచీ మీద నవ్వుతూ. ఆవిడ వేలు ఒక క్షణం ఆగింది. తర్వాత ఫైలు తెరిచింది.

పదహారు అక్షరాలు. భాగ్యరేఖ చదివింది, కృష్ణమోహన్ తిరిగి చదువుతూ కొట్టాడు. పదమూడు. పద్నాలుగు. రెండు గంటల ప్లాంట్ సైరన్ ఊపిరి తీసుకుంటున్నట్టు మెల్లగా మొదలైంది.

“ఆఖరిది ఎనిమిది” అంది భాగ్యరేఖ.

సైరన్ నిండుగా మోగి ఆగింది.

“మూడు వాల్వులు కదలబోయి ఆగిపోయాయి మేడమ్” అన్నాడు కృష్ణమోహన్. “జనం గేటు దాటి వెళ్తున్నారు. సైకిళ్ళ మీద.”

సింహాచలమ్మ కంప్యూటర్ ఆపలేదు. ఆ ఫొటోకి ఎదురుగా కూర్చుని, అప్పుడు ఏడ్చింది. భాగ్యరేఖ నేల మీద కూర్చుని ఆవిడ పాదాల దగ్గర తల ఆనించింది.

సాయంత్రం ఆస్పత్రిలో భుజానికి కుట్లు వేస్తుండగా చీఫ్ ఫోన్ చేశాడు. గేటు దగ్గర దొరికినవాడు ముఠా పేర్లన్నీ కక్కేస్తున్నాడనీ, మనోజ్‌కుమార్ బతుకుతాడు గానీ ఇక పోస్టర్లకి పనికిరాడనీ చెప్పాడు. విభాగం తరఫున అభినందించాడు. తర్వాత కొంచెం నసిగాడు.

“భాగ్యరేఖా, మా ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది. ఆన్ చేస్తే నీలం తెర వచ్చి ఆగిపోతోంది. ఈ ఆదివారం నీకు వీలవుతుందా?”

“మీ దగ్గర పిస్తోలు ఉంది కదా సార్, దాన్ని కాల్చిపారెయ్యండి” అని ఆమె ఫోన్ పెట్టేసింది.