మొహం లేని పిల్ల

మధ్యాహ్నం మూడింటికి ఆ హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. బయట ఎండ పెళపెళలాడుతూ ఉంటుంది. లోపల కర్టెన్లన్నీ దించేసి ఉంటాయి. ఆ మసక వెలుతురులో పొడవాటి బల్ల చుట్టూ ఐదారు తెల్లటి తలలు వంగి ఉంటాయి. ఎవరూ మాట్లాడరు. అట్టముక్కలు ఒకదానికొకటి రాసుకుని గరగరమంటాయి, అంతే.

పిచ్చుక బల్ల చివర కూర్చుని ఆకాశం ముక్కలు ఏరుతోంది.

పిచ్చుక అంటే పదేళ్ళ పిల్ల. ఒకచోట నిమిషం నిలవదని ఆ పెద్దవాళ్ళ హోమ్‌లో అందరూ కలిసి పెట్టిన పేరది. వాళ్ళమ్మ అక్కడే యాక్టివిటీ మేడమ్. పెద్దవాళ్ళకి రోజు గడవడం తెలియకుండా చెయ్యడమే ఆవిడ ఉద్యోగం. బడికి వేసవి సెలవులు, ఇంట్లో ఒక్కదాన్నే వదిలిపెట్టలేదు. అందుకని రోజూ వెంట తెచ్చుకుంటోంది.

అక్కడ పొద్దున్నే, ఎండ ముదరకముందు, చెట్టు నీడన కుర్చీల్లో కూర్చునే ఎక్సర్‌సైజులు. తర్వాత బెలూన్ ఆట. కుర్చీలోంచి లేవకుండా బెలూన్‌ని చేత్తో కొట్టాలి. ఎనభై దాటినవాళ్ళు కూడా ఆ ఆటలో తొండి చేస్తారు. పదకొండింటికి చన్నీళ్ళ టబ్బుల్లో కాళ్ళు పెట్టుకుని పాటలు. ఇక మూడింటి నుంచి ఐదింటి దాకా పజిల్.

వెయ్యి ముక్కల పజిల్ అది. దానికి డబ్బా లేదు, మూత లేదు. లైబ్రరీలో పనిచేసి రిటైరైన మామ్మ ఒకావిడ, పజిల్ రాగానే ముక్కల్ని గుడ్డసంచీలో పోసేసి, బొమ్మ ఉన్న మూతని చింపి చెత్తబుట్టలో పడేస్తుంది. అది ఆ హోమ్‌లో రూలు. మూత చూసి పేర్చడమంటే పక్కవాడి పేపర్లో చూసి పరీక్ష రాయడమేనని ఆవిడ లెక్క. అందుకని ఏ బొమ్మ వస్తుందో ఆఖరి దాకా ఎవరికీ తెలియదు.

ఇంకో రూలు కూడా ఉంది. ఆఖరి ముక్క ఎవరు పెడితే వాళ్ళ పేరు గోడ మీద చార్టులో ఎక్కుతుంది. తర్వాతి సంచీ ముడి వాళ్ళే విప్పాలి.

పిచ్చుకకి కావలసింది ఆ పేరే. కానీ చిన్నపిల్ల కదా, ఎప్పుడూ ఆకాశమే ఇచ్చేవారు. ఆకాశంలో ఏముంది, అంతా నీలం.

ఈసారి బొమ్మలో ఒక పాత మేడ వచ్చింది. పెచ్చులూడిన గోడలు. పైన ఒకే ఒక కిటికీ. కిటికీలో ఒక పిల్ల. రెండు జడలు, నీలం గౌను, కిటికీ చట్రం మీద ఆనించిన రెండు చేతులు. మొహం ఉండాల్సిన చోట మాత్రం బల్ల కనిపిస్తోంది.

ఆ మొహం ముక్క పిచ్చుకకే దొరికింది, ఆకాశం ముక్కల అడుగున. రెండు కళ్ళు, కాస్త తెరిచిన నోరు. ఆ కళ్ళు సూటిగా పిచ్చుకనే చూస్తున్నాయి.

అటూ ఇటూ చూసి, ముక్కని గౌను జేబులో వేసుకుంది. ఆఖరి రోజున తీసి టక్కున పెట్టేస్తే చార్టులో పేరు తనదే. అది దొంగతనమని అనుకోలేదు. బస్సు సీటు మీద ముందే కర్చీఫ్ వేసుకోవడం లాంటిదనుకుంది.

మర్నాడు మూడింటికి వాచీల తాత తల పైకెత్తాడు.

ఆయన నలభై ఏళ్ళు వాచీలు బాగుచేసిన మనిషి. ఇప్పుడు కళ్ళకి జబ్బు చేసింది. ఎటు చూసినా నడిమధ్యన నల్లగా మసక, అంచులు మాత్రం కాస్త కనపడతాయి. అందుకని దేన్నైనా కోడిలా మెడ పక్కకి తిప్పి కంటికొసతో చూస్తాడు. చాలావరకు వేళ్ళతోనే పనికానిస్తాడు. ముక్క అంచుని బొటనవేలితో ఒక్కసారి తడిమితే చాలు, ఎక్కడిదో చెప్పేస్తాడు.

"కర్టెన్ దగ్గర ఆ పిల్ల ఎవరు?" అన్నాడు.

అందరూ అటు చూశారు. కర్టెన్ ఫ్యాను గాలికి మెల్లగా ఉబ్బి, మళ్ళీ గోడకి అంటుకుంది.

"ఎవరూ లేరు తాతగారూ" అంది పిచ్చుక.

"ఉందమ్మా. ఇంచుమించు నీ అంత ఉంటుంది. రెండు జడలు, నీలం గౌను. నిన్న కూడా ఇదే టైముకి వచ్చింది." టైము ఎంతైందో చెప్పినంత మామూలుగా చెప్పాడాయన. "మొహం మాత్రం లేదు."

పిచ్చుక చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. ముక్క అక్కడే ఉంది, పొద్దున గౌను మార్చుకున్నప్పుడు దాన్నీ ఈ జేబులోకి మార్చుకుంది.

సాయంత్రం ఇంటికి వెళ్తూ స్కూటర్ వెనక నుంచి అమ్మని అడిగింది. అమ్మ బండి నడుపుతూనే చెప్పింది. ఆ కంటి జబ్బు ఉన్న చాలామందికి అలా అవుతుందట. కళ్ళు బొమ్మలు తేవడం తగ్గిస్తే, మెదడు ఊరుకోలేక తనే బొమ్మలు గీసుకుంటుందట. అది దయ్యమూ కాదు, పిచ్చీ కాదు. డాక్టరు తాతకీ చెప్పాడు, హోమ్‌లో అందరికీ చెప్పాడు. మొన్నటిదాకా ఆయనకి గోడల మీద పూలు కనపడేవట.

"మరి ఆ పిల్ల ఎప్పటినుంచి?"

"నిన్నటినుంచేనట."

ముక్క జేబులోకి వెళ్ళింది నిన్ననే.  ఇంటికొచ్చేదాకా పిచ్చుక అమ్మ నడుం వదల్లేదు.

అప్పటినుంచి రోజూ మూడయ్యేసరికి తాత "వచ్చింది" అనేవాడు. పెద్దవాళ్ళకి రెండు రోజుల్లో అలవాటైపోయింది. రానివ్వండి, మన టీ తాగదుగా అనేవాడు ఒకప్పుడు బ్యాంకులో పనిచేసిన బ్యాంకు తాత. నవ్వేవారు. పిచ్చుక మాత్రం కర్టెన్‌కి వీపు చూపించకుండా కుర్చీ తిప్పుకుని కూర్చునేది.

నాలుగోనాడు ఆ పిల్ల కర్టెన్ వదిలి బీరువా దాకా వచ్చిందని చెప్పాడు తాత. ఆరోనాడు బల్ల దగ్గరికి వచ్చిందన్నాడు.

ఎనిమిదోనాడు, "ఇవాళ పిచ్చుక కుర్చీ వెనకాలే నిలబడింది" అన్నాడు.

పిచ్చుక వెనక్కి తిరగలేదు. మెడ మీద చల్లగా గాలి తగిలింది. ఫ్యాను గాలే అయి ఉంటుంది. అయినా ఆ సాయంత్రం దాకా కాళ్ళు కుర్చీ మీదకి ముడుచుకునే కూర్చుంది.

మిగతావాళ్ళు టీకి లేచాక తాత ఆమెని దగ్గరికి పిలిచాడు. భయపడుతున్నావా అని అడిగాడు. లేదని అబద్ధం చెప్పింది.

"నాకూ భయం లేదే. డాక్టరు చెప్పింది అర్థమైంది. కానీ మొహం లేకుండా ఎదురుగా నిలబడితే ఎలా ఉంటుందో చెప్పు? పలకరించడానికి కూడా లేదు. పడుకున్నా అదే గుర్తొస్తోంది." ఆయన వేళ్ళు బొమ్మ మీద నడిచి, కిటికీ దగ్గరి ఖాళీలో ఆగాయి. "అది ఈ పిల్లే. ఈ మొహం ముక్క ఒక్కటి దొరికితే కంటికొసతో చూసి గుర్తుపెట్టుకుంటా. అప్పుడు ఆ పిల్లకీ మొహం వస్తుంది. తొందరగా దొరికితే బాగుండు. ఈ కొసచూపు కూడా రోజురోజుకీ పలచబడుతోంది."

చెప్పేద్దామనుకుంది పిచ్చుక. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇన్నాళ్ళూ ఎక్కడుందని అడుగుతారు. అందరి ముందూ అమ్మ తలదించుకోవాలి. ఇంకెంత, అరవై ముక్కలు. అవి అయిపోతే తనే తీసి పెట్టేస్తుంది, ఆయనా చూసేస్తాడు. రేపు అనుకుంది. మర్నాడు మళ్ళీ రేపు అనుకుంది.

పదకొండో రోజున బల్ల మీద బొమ్మంతా నిండింది. మేడ, చెట్లు, ఆకాశం, మబ్బులు. ఒక్క కన్నం మాత్రం మిగిలింది.

ఇక వెతుకులాట మొదలైంది. కుషన్లు దులిపారు. బ్యాంకు తాత మోకాళ్ళకి పట్టీలతోనే నేల మీదికి వంగి సోఫా కింద టార్చి వేశాడు. ఊడ్చే అక్క వాక్యూమ్ సంచీని పేపర్ మీద బోర్లించి, దుమ్మునంతా వేళ్ళతో జల్లించింది. లైబ్రరీ మామ్మ ముక్కలు పోసిన గుడ్డసంచీ కుట్లు విప్పి చూసింది. మూత చింపినందుకు మొదటిసారి బాధపడుతున్నట్టు కనిపించింది. వాచీల తాత మాత్రం కదల్లేదు. ఆ కన్నం చుట్టూ వేలు తిప్పుతూ కూర్చున్నాడు.

పిచ్చుక ఇన్నాళ్ళూ ఎదురుచూసిన ఘడియ ఇదే. తీరా వచ్చాక చెయ్యి జేబులోకి వెళ్ళలేదు. ఇంత వెతికాక జేబులోంచి ఎలా తీస్తుంది? ఇంకో ఉపాయం తట్టింది. కుర్చీ కింద జారవిడిచి, ఇదిగో దొరికిందంటే సరి. జేబులో చెయ్యి పెట్టి ముక్కని పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే తాత మెడ ఆమె వైపు తిప్పి సూటిగా చూశాడు. చాలాసేపు చూశాడు.

"పిచ్చుకా, నువ్వెక్కడున్నావు? నీ కుర్చీలో ఆ పిల్ల కూర్చుంది."

"నేనే తాతగారూ ఇక్కడున్నది."

"నువ్వేనా? మరి నీ మొహమేదీ?"

గది చల్లబడినట్టయింది. ఆయన కళ్ళు ఆమె కళ్ళలోకే చూస్తున్నాయి, కానీ ఆమెని చూడటం లేదు. పిచ్చుక ఎడమచెయ్యి దానంతటదే పైకి లేచి బుగ్గ తడుముకుంది. ముక్కు తడుముకుంది. అన్నీ ఉన్నాయి. ఉన్నా ఆయనకి అక్కడ కన్నమే కనపడుతోంది.

ఆమె కుర్చీ దిగి ఆయన దగ్గరికి వెళ్ళింది. ముక్కని ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇది నా దగ్గరే ఉంది తాతగారూ. నేనే దాచాను. ఆఖరి ముక్క నేనే పెట్టాలని."

సోఫా కింద టార్చి ఆగిపోయింది. గుమ్మంలో టీ ట్రేతో అమ్మ నిలబడి ఉంది.  ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు తాత.

"పదకొండు రోజులు."

ఆయన కర్టెన్ తీయించాడు. ఎండ లోపలికి దూకింది. ముక్కని కుడికంటి కొసకి తెచ్చుకున్నాడు, తర్వాత ఎడమకంటి కొసకి. వాచీలు చూసే పాత అద్దం జేబులోంచి తీసి కంటికి బిగించుకున్నాడు. ముక్కని తిప్పాడు, వంచాడు, దూరం పెట్టాడు. ఎవరూ టీ ముట్టుకోలేదు.

చివరికి చెయ్యి దించేశాడు.

"పదకొండు రోజుల క్రితమైతే కంటికి అందేది" అన్నాడు.

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది పిచ్చుకకి. 

కాసేపటికి ఆయనే అడిగాడు. "నవ్వుతోందా?"

నవ్వుతోందని ఆయన ఆశ. గొంతులోనే తెలుస్తోంది. అవునంటే ఆయన సంతోషిస్తాడు. ఒక్క మాట, అంతే. పిచ్చుక ముక్కని చేతిలోకి తీసుకుని వెలుతురులో పట్టుకుంది.

"నవ్వట్లేదు తాతగారూ. ఏడవట్లేదు కూడా. కళ్ళు పెద్దవి. ఎడమ కనుబొమ్మ కొంచెం పైకుంది. నోరు కాస్త తెరిచింది. ఏదో చెప్పాలని వచ్చి, ఎలా మొదలుపెట్టాలో తెలీక ఆగిపోయినట్టుంది."

తాత కళ్ళు మూసుకున్నాడు. వాచీ విప్పినట్టే ఒక్కొక్కటీ విప్పి అడిగాడు. కళ్ళు ఏ రంగు, ముక్కు సూదిగా ఉందా బండగా ఉందా, పళ్ళు కనపడుతున్నాయా, పెదవి మీద వెలుతురు ఏ పక్క పడుతోంది. పిచ్చుక ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తెలియనిది తెలియదంది. టీ చల్లారిపోయింది. అయినా ఎవరూ లేవలేదు.

అంతా విన్నాక ఆయన ముక్కని కన్నంలో పెట్టాడు. జేబులో చెమటకి నాని అంచులు ఉబ్బాయేమో, ఒక పట్టాన కూర్చోలేదు. బొటనవేలితో గట్టిగా నొక్కాల్సి వచ్చింది.

లైబ్రరీ మామ్మ చార్టులో వాచీల తాత పేరు రాసింది. పిచ్చుక అటు చూడలేదు.  ఇంటికొచ్చాక అమ్మ, చెప్పడం కష్టమైందా అని అడిగింది. పిచ్చుక తలూపి, ఆ తర్వాత చాలాసేపు ఏడ్చింది.

మర్నాడు మూడింటికి తాత కొత్త సంచీ ముడి విప్పాడు. వెయ్యి ముక్కలు బల్ల మీద గలగలమని పరుచుకున్నాయి. కర్టెన్లు దించేసి ఉన్నాయి.

పిచ్చుక తిన్నగా ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళింది.

"నేను పిచ్చుకని తాతగారూ. ఇవాళ ఒకటే జడ. మొహం ఎండకి కందిపోయింది. ముక్కు మీద చెమట. రాత్రి ఏడ్చాను కదా, కళ్ళు కొంచెం ఉబ్బి ఉన్నాయి. మీరు నాతో మాట్లాడతారో లేదోనని భయంగా ఉన్నాను."

తాత మెడ తిప్పి విన్నాడు. చెయ్యి చాపి ఆమె జడ కొస పట్టుకుని వదిలాడు. తర్వాత కర్టెన్ వైపు తిరిగి, అక్కడ ఎవరితోనో కళ్ళు కలిసినట్టు కాసేపు ఆగాడు.

"అదీ వచ్చింది" అన్నాడు. "ఎడమ కనుబొమ్మ పైకెత్తి నిన్నే చూస్తోంది."

పిచ్చుక మెడ మీద మళ్ళీ చల్లగా తగిలింది. ఈసారి తిరిగి చూసింది. కర్టెన్ ఉబ్బింది, గోడకి అంటుకుంది.

ఆమె తన కుర్చీని తాత పక్కకి లాక్కుంది. ఒక్క క్షణం ఆలోచించి, గోడవారన ఉన్న ఇంకో కుర్చీని కూడా లాగి తన పక్కన వేసింది.