శ్రీవాణి పంపిన మూడు జ్వరాలు

"మళ్ళీ కనబడట్లేదన్నయ్యా," అంది శ్రీవాణి కంప్యూటర్ తెర కేసి చూస్తూ.

"వస్తుందిలేమ్మా," అన్నాడు నెట్ సెంటర్ దుర్గాసాయి, ఎవరికో ప్రింట్లు తీస్తూ.

ఆ ఊరి నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళందరికీ ఒక మెయిల్ గ్రూపు ఉంది. మస్కట్‌లో ఉన్న నాన్న కూడా అందులో చూస్తారు. ఇంటి ఫోన్ నుంచి ఆ దేశానికి చెయ్యడం కుదరదు. అందుకే సోమవారం బడి వదలగానే వచ్చి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టింది. "నాన్నగారూ, అమ్మకి జ్వరం. ఫోన్ చెయ్యండి."

అది గ్రూపులో కనబడలేదు. మంగళవారం "బాగా జ్వరం" అని రాసింది. అదీ ఏమైపోయిందో. పాపం, పిల్లకి బుర్ర తిరిగిపోయింది. చిన్న జ్వరమైతే కంప్యూటర్ పట్టించుకోదేమో అనుకుంది. అందుకని ఇవాళ, బుధవారం, "అమ్మ మంచం దిగట్లేదు" అని పంపింది. ఎప్పటిలాగే తెర మీద ఏదో ఇంగ్లీషు వాక్యం వచ్చింది. చదవకుండానే మూసేసింది.

శుక్రవారం పొద్దున్న ఇంట్లో ఫోన్ మోగింది. పెట్టగానే మళ్ళీ మోగింది. దుబాయ్ నుంచి ఒకరు, కువైట్ నుంచి ఇంకొకరు. మంచం దిగని అమ్మ సూర్యావతి, వాకిట్లో కొబ్బరి ఎండబెడుతున్నదల్లా వచ్చింది.

"నాకేమైందండీ? జ్వరం మొన్ననే తగ్గిపోయింది," అని అందరికీ అదే చెప్పింది. ఫోన్ పెట్టి శ్రీవాణి కేసి చూసింది. "నాన్నగారు లీవు పెట్టి వచ్చేస్తానని దుబాయ్ ఆయనతో అన్నారంట. ఇప్పుడు వాడేస్తే వేసవిలో ఇవ్వరే."

వేసవికి నాన్న వస్తారని శ్రీవాణి రెండేళ్ళుగా ఎదురుచూస్తోంది. నెట్ సెంటర్‌కి ఒకటే పరుగు.

"నా మెయిళ్ళన్నీ ఇవాళే ఎలా వచ్చేయి అన్నయ్యా?"

"గ్రూపు పెట్టిన ముత్యాలరాజు గారు చూసి వదిలితేనే కనబడతాయమ్మా. ఆయనకి శుక్రవారమే సెలవు. పంపగానే ఆ సంగతే తెర మీద ఇంగ్లీషులో రాసి చూపిస్తుందిగా."

"అయితే అది తప్పని రాసేస్తాను."

"అదీ ఆగుతుంది. ఆయన మళ్ళీ చూడాలి."

శ్రీవాణికి ఏడుపొచ్చేసింది. "మరి నాన్నగారికెలా తెలుస్తుంది?"

"గ్రూపుకి కాదు, మీ నాన్నగారికే రాయి. ఆయన పాత మెయిల్ మీద అడ్రసుంటుంది చూడు."

అడ్రసు వెతికి రాసింది. "అమ్మ బాగుంది. మంచం దిగట్లేదని నేనే అబద్ధం రాశాను. లీవు అడగకండి."

కాసేపటికి జవాబొచ్చింది. "ఫోన్ ఎంగేజ్ వస్తోందని కంప్యూటర్ ముందే కూర్చున్నాను తల్లీ. ఇంకా అడగలేదు. వేసవికే వస్తాను."

శ్రీవాణి కళ్ళు తుడుచుకుంది. తర్వాత గ్రూపుకి రాసింది. "అమ్మ బాగుంది. కంగారు పెట్టినందుకు క్షమించండి." పంపగానే ఆ ఇంగ్లీషు వాక్యం వచ్చింది. ఈసారి వేలు పెట్టి, కూడబలుక్కుని మొత్తం చదివింది.

"కనబడలేదేమ్మా, మళ్ళీ కొడతావా?" అన్నాడు దుర్గాసాయి నవ్వుతూ.

"ముత్యాలరాజు గారు చూడాలి కదన్నయ్యా," అంది శ్రీవాణి, చేతులు ఒళ్ళో పెట్టుకుని.